గుజ్జు మళ్ళీ పెరుగుతుందా?

నెల్లూరు జిల్లాలో ప్లేట్‌లెట్ అన్న మాట వినని ఇల్లు ఉండదు. డెంగీ ముదిరే నెలల్లో ఆస్పత్రి వరండాల్లో మాటలన్నీ ఆ లెక్క చుట్టూనే తిరుగుతాయి. నిన్న ఎనభై వేలు, ఇవాళ నలభై వేలు, రేపు ఎక్కించాల్సి వస్తుందేమో. బొప్పాయి ఆకు రసం తాగించమని ఒకరంటే, వద్దని ఇంకొకరంటారు. బడి మెట్లెక్కని పెద్దవాళ్ళు కూడా ఆ అంకెలను తడుముకోకుండా చెప్పేస్తారు.

అదే ప్లేట్‌లెట్ ఇప్పుడు ఇంకో దారిన పల్లెలకు వస్తోంది. మోకాళ్ళ నొప్పితో ఆత్మకూరులో బస్సెక్కి, సంగం మీదుగా నెల్లూరు వెళ్ళి, ఎముకల డాక్టరుకు చూపించుకున్న పెద్దామెకు ఎక్స్‌రే అయ్యాక మూడు మాటలు వినిపిస్తాయి. మాత్రలు, ఆపరేషన్, ఈ రెంటికీ నడుమ పీఆర్‌పీ. "మీ రక్తమే కాస్త తీసి, అందులోంచి ప్లేట్‌లెట్లు వేరుచేసి మోకాల్లోకి ఎక్కిస్తామమ్మా. మీ రక్తమే కాబట్టి భయమేం లేదు." ఆమె అడిగేది ఒకటే. "గుజ్జు మళ్ళా పెరుగుద్దా సార్?"

ఆ ప్రశ్న కోసమే ఈ అధ్యాయం. జవాబు ముందే చెప్పేస్తాను. ఇంతవరకు జరిగిన గట్టి పరీక్షల్లో గుజ్జు పెరిగినట్టు తేలలేదు. నొప్పి మాత్రం కొందరికి కొన్ని నెలల పాటు తగ్గవచ్చు. ఆ కొందరిలో తాను ఉన్నదో లేదో ఆమెకు ఎవరైనా విడమరిచి చెప్పాలి. చెప్పకుండానే నగ తాకట్టు పెట్టించే పరిస్థితి రాకూడదు.

ముందు ప్లేట్‌లెట్ సంగతి. మన ఎముకల మూలుగలో మెగాకార్యోసైట్ అనే భారీ కణాలుంటాయి. వాటి అంచులనుంచి తెగి రక్తంలో పడే తునకలే ప్లేట్‌లెట్లు. వాటిలో కేంద్రకం ఉండదు, ఆయుష్షు వారం పది రోజులకు మించదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఒక మైక్రోలీటరు రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఇటలీలోని ట్యూరిన్‌లో జూలియో బిజ్జొజెరో 1882లో వీటిని విడి జాతిగా గుర్తించి, రక్తం గడ్డకట్టడంలో వీటి పాత్ర చూపించాడు. తర్వాత చాలాకాలం వీటి పని అంతవరకే అనుకున్నారు. రక్తనాళం తెగితే వచ్చి అతుక్కోవడం, కన్నం పూడ్చడం.

1974లో సియాటిల్‌లో రస్సెల్ రాస్ బృందం ఇంకో గుణం బయటపెట్టింది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరంలో కండర కణాలను పెంచితే అవి చురుగ్గా విభజన చెందాయి. ప్లేట్‌లెట్లు లేని ప్లాస్మా నుంచి తీసిన సీరంలో ఆ చురుకు లేదు. అంటే ప్లేట్‌లెట్లు పగిలినప్పుడు, కణాలను పెరగమని చెప్పే పదార్థమేదో బయటికి వస్తోందన్నమాట. దానికే తర్వాత పీడీజీఎఫ్ అని పేరు పెట్టారు. ప్లేట్‌లెట్ లోపలి ఆల్ఫా రేణువుల్లో ఇలాంటి వృద్ధికారకాలు ఇంకా ఉన్నాయి. కొత్త రక్తనాళాలను పిలిచేవి కొన్ని, కొల్లాజెన్ నేయించేవి కొన్ని, వాపును ఎగదోసేవి కొన్ని, అణచేవి కొన్ని. ఒకే సంచిలో ఇన్ని విరుద్ధ గుణాలు కలిసి ఉండడం వల్లే పీఆర్‌పీ కథ ఇంత చిక్కుపడింది.

పీఆర్‌పీ అంటే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మా. తయారీలో మాయమర్మం లేదు. చేతి నరం నుంచి రక్తం తీస్తారు, మామూలుగా ముప్ఫై నుంచి అరవై మిల్లీలీటర్లు. గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు గొట్టం అడుక్కి చేరతాయి, పైన లేత పసుపు ప్లాస్మా నిలుస్తుంది, మధ్యలో సన్నటి తెల్లని పొర ఏర్పడుతుంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండేది ఆ పొర దగ్గరే. అవసరమైతే మళ్ళీ తిప్పి, చివరికి మిగిలిన కొద్ది మిల్లీలీటర్లను కీలులోకో స్నాయువు పక్కనో ఎక్కిస్తారు. రక్తం తీసిన దగ్గర్నుంచి సూది వేసేదాకా గంట కూడా పట్టదు. డెంగీ రోగికి ఎక్కించే ప్లేట్‌లెట్లు దాతవి, అవి రక్తనాళంలోకి వెళ్తాయి. ఇవి రోగి సొంతవి, వెళ్ళేది నొప్పి ఉన్న చోటికి.

ఈ పద్ధతిని కీళ్ళకంటే ముందు వాడింది దవడకు. 1998లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ బృందం దవడ ఎముకకు అతుకు వేసేటప్పుడు పీఆర్‌పీ కలిపి, ఎముక త్వరగా గట్టిపడిందని ప్రచురించింది. అక్కణ్ణుంచి అది క్రీడాకారుల మోచేతులకు, మడమలకు పాకింది. 2009లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్ మోకాలి గాయానికి దీన్ని వేయించుకుని సూపర్‌బౌల్ ఆడడంతో పత్రికలకెక్కింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2010లో కండరంలోకి పీఆర్‌పీ ఎక్కించుకోవడాన్ని నిషేధించి, సత్తువ పెంచుతుందనడానికి ఆధారం లేదని మరుసటి ఏడాదే ఆ నిషేధం తీసేసింది. ఆటగాళ్ళు తొందరగా మైదానానికి తిరిగి రావాలనుకోవడం సహజం. కానీ వాళ్ళ పేర్లు చూసి మిగతా లోకం ఈ సూది వైపు పరుగెత్తింది. పరీక్షలు ఆ తర్వాత వచ్చాయి.

ఇక మోకాలు. గుజ్జు అని మనం పిలిచేది తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట వాటి కొసలను కప్పి ఉండే మృదులాస్థి. కొన్ని మిల్లీమీటర్ల మందం, నున్నటి ఉపరితలం. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. కీలులోని ద్రవం నుంచే తిండి తీసుకుంటుంది. పెద్దవాళ్ళలో అందులోని కణాలు దాదాపుగా విభజన చెందవు. అందుకే ఒకసారి అరిగితే పూడదు. నరాలు లేవు కాబట్టి నొప్పి గుజ్జులో పుట్టదు. కీలు లోపలి పొర వాచి, గుజ్జు కింది ఎముక ఒత్తిడికి లోనై, చుట్టూ ఉన్న కండరం బలహీనపడి నొప్పి పుడుతుంది. ఎక్స్‌రేలో సగం అరిగిన మోకాలితో హాయిగా నడిచేవాళ్ళూ, కొద్దిగా అరిగినా మంచం దిగలేనివాళ్ళూ ఉండడానికి కారణం ఇదే. పీఆర్‌పీ తర్వాత ఎవరికైనా నొప్పి తగ్గితే అది చాలావరకు ఆ వాచిన పొర శాంతించడం వల్లేనని పరిశోధకుల అంచనా.

మన దేశంలో దీని మీద జరిగిన పరీక్షల్లో బాగా పేరున్నది చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థది. సందీప్ పటేల్, ఎం.ఎస్. ధిల్లాన్ తదితరులు 2013లో ప్రచురించారు. రెండు మోకాళ్ళూ నొప్పిగా ఉన్న 78 మందిని తీసుకుని, కొందరికి ఒక పీఆర్‌పీ సూది, కొందరికి మూడు వారాల తేడాతో రెండు, మిగిలినవారికి ఉత్త సెలైన్ వేశారు. కొద్ది వారాల్లోనే పీఆర్‌పీ పడినవారికి నొప్పి తగ్గింది, సెలైన్ పడినవారికి తగ్గలేదు. ఒకటి వేసుకున్నవారికీ రెండు వేసుకున్నవారికీ తేడా లేదు. ఆరో నెలకు వచ్చేసరికి ఆ మేలు కాస్త కరగడం మొదలైంది. తర్వాత దేశంలో ఈ సూది వాడకానికి ఈ ఫలితం పెద్ద దన్నుగా నిలిచింది.

ఎనిమిదేళ్ళకు, 2021 నవంబరులో, ఆస్ట్రేలియా నుంచి ఇంకో ఫలితం వచ్చింది. మెల్‌బోర్న్‌కు చెందిన కిమ్ బెన్నెల్ తదితరులు యాభై దాటిన 288 మందితో చేసిన పరీక్ష ఇది. గుజ్జు అరుగుదల మొదటి, నడిమి దశల్లో ఉన్నవాళ్ళనే ఎంచుకున్నారు. అందరి దగ్గరా రక్తం తీశారు, అందరికీ వారానికొకటి చొప్పున మూడు సూదులు వేశారు. సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి సెలైన్. ఎవరికి ఏది పడిందో వాళ్ళకు చెప్పలేదు. ఏడాది తర్వాత పదికి లెక్కవేసిన నొప్పి పీఆర్‌పీ వారిలో 2.1, సెలైన్ వారిలో 1.8 తగ్గింది. ఆ తేడా లెక్కలోకి రాదు. ఎమ్మారైలో గుజ్జు పరిమాణం కూడా కొలిచారు. పీఆర్‌పీ వారిలో 1.4 శాతం తరిగింది, సెలైన్ వారిలో 1.2 శాతం. ఆ పెద్దామె ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చిన పరీక్ష నాకు మరొకటి కనబడలేదు. పెరగడం మాట అటుంచి, తరగడం కూడా ఆగలేదు.

ఆ అంకెల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ 1.8. ఉప్పునీటి సూదితో అంత నొప్పి ఎలా తగ్గింది? మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకే తీరున ఉండదు, ఏడాదిలో ఎన్నోసార్లు పెరిగి తగ్గుతుంది. మనిషి ఆస్పత్రికి వెళ్ళేది అది మరీ పెరిగినప్పుడు. ఆ తర్వాత ఏం చేసినా చేయకపోయినా కొంత తగ్గుతుంది. దానికి తోడు రక్తం తీయడం, యంత్రంలో తిప్పడం, డాక్టరు శ్రద్ధగా సూది వేయడం రోగికి గట్టి నమ్మకం ఇస్తాయి. ఆ నమ్మకంతో తగ్గే నొప్పి నిజంగా తగ్గే నొప్పే, దాన్ని తేలిక చేయకూడదు. కాకపోతే పక్కింటామెకు సూదితో తగ్గిందన్న కబురు, ఆ సూది పని చేస్తుందనడానికి రుజువు కాదు. సెలైన్ గుంపును పక్కన పెట్టుకుని పరీక్ష చేయాల్సిన అవసరం అందుకే.

ఆస్ట్రేలియా పరీక్షకు విమర్శలు లేకపోలేదు. అక్కడ వాడిన పీఆర్‌పీలో ప్లేట్‌లెట్ల గాఢత మామూలు రక్తం కంటే పెద్దగా ఎక్కువ లేదని, మోతాదు చాలలేదని పీఆర్‌పీని సమర్థించేవాళ్ళు వాదిస్తున్నారు. అదే ఏడాది భారతీయ పరిశోధకులు మోతాదుకు సుమారు వెయ్యి కోట్ల ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఏడాది పాటు మేలు నిలిచిందని రాశారు. ఈ వాదంలో పస ఉంది. పీఆర్‌పీ కంపెనీ మాత్ర లాంటిది కాదు. ఒక ఆస్పత్రిలో తయారైనదానికీ ఇంకో ఆస్పత్రిదానికీ పోలిక ఉండదు. ఒకే మనిషి రక్తం కూడా రోజురోజుకీ మారుతుంది. ఒకరు తెల్లకణాలను ఉంచుతారు, ఒకరు తీసేస్తారు. ఒకరు ఒకసారి తిప్పుతారు, ఇంకొకరు రెండుసార్లు. ఇంత తేడా ఉన్న ద్రవానికి ఒకే పేరు పెట్టి అమ్ముతున్నారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అనే వైద్యుల సంఘం 2019లో మోకాలి అరుగుదలకు దీన్ని వాడవద్దని గట్టిగా చెప్పడానికి చూపిన కారణమూ ఈ తేడాలే. యూరప్‌లోని మోకాలి నిపుణుల సంఘమేమో అరుగుదల ముదరనివారికి వాడవచ్చంటోంది. నిపుణులే ఇలా రెండుగా చీలి ఉన్నప్పుడు, నెల్లూరులోనో తిరుపతిలోనో ఒక డాక్టరు "తప్పకుండా తగ్గుతుంది" అని చెబితే అది శాస్త్రం చెప్పిన మాట కాదు.

స్నాయువుల దగ్గరికి వద్దాం. నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కొయ్య చెంచాలు జీఐ గుర్తింపు పొందిన కళ. బిక్కి, నర్ది వంటి కొండ కర్రను చెక్కి, తొలిచి, నునుపు చేసి గరిటెలు, చెంచాలు, ఫోర్కులు తయారుచేస్తారు. ఉలిని గట్టిగా పట్టి మణికట్టును వేలసార్లు తిప్పే ఇలాంటి పనిలో భారమంతా మోచేతి బయటి వైపున్న స్నాయువు మీద పడుతుంది. పొగాకు తోరణాలు కట్టే చేతులదీ, బావి తోడే చేతులదీ అదే కథ. టెన్నిస్ రాకెట్ ముట్టకపోయినా ఆ నొప్పికి వైద్యులు పెట్టిన పేరు టెన్నిస్ ఎల్బో.

స్నాయువు అంటే కండరాన్ని ఎముకకు కట్టే పగ్గం. కొల్లాజెన్ పోగులు ఒకే దిశలో పేనుకుని ఉంటాయి, రక్తప్రసారం తక్కువ. ఏళ్ళ తరబడి లాగితే లోపలి పోగులు కొన్ని చెదిరి, చెదిరినవి సరిగ్గా అతుక్కోక నొప్పి నిలిచిపోతుంది. అందులో వాపు తక్కువ, చెదిరిన పోగులు ఎక్కువ. రక్తం సరిగా అందని చోటికి వృద్ధికారకాలు తెచ్చి పోస్తే అతుకుతుందని ఆశ పడడంలో తప్పు లేదు. 2010లో నెదర్లాండ్స్‌లో వంద మంది మోచేతి రోగులపై పీఆర్‌పీనీ స్టెరాయిడ్ సూదినీ పోల్చి చూశారు. ఏడాదికి పీఆర్‌పీ వేసుకున్నవారిలో 73 శాతం, స్టెరాయిడ్ వేసుకున్నవారిలో 49 శాతం మందికి నొప్పి బాగా తగ్గింది. ఇది ఘన విజయంగానే కనిపించింది.

అయితే పోలిక దేనితో చేశారో చూడాలి. 2006లో బ్రిస్బేన్‌లో 198 మంది మీద చేసిన పరీక్షలో స్టెరాయిడ్ వేసుకున్నవారికి ఆరు వారాల్లో అద్భుతంగా తగ్గి, ఏడాది చివరికి అసలు సూదే వేసుకోనివారి కంటే పరిస్థితి హీనమైంది. అలాంటి మందుతో పోలిస్తే పీఆర్‌పీ మెరుగ్గా కనిపించడంలో వింత లేదు. సెలైన్‌తో పోల్చిన పరీక్షలన్నీ కూడదీసి 2021లో కోక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ సమీక్షించింది. మోచేతికి పీఆర్‌పీ వల్ల చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చింది. మడమ పైనుండే అకిలిస్ స్నాయువుకూ అంతే. 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందితో, 2021లో బ్రిటన్‌లో 240 మందితో చేసిన రెండు పరీక్షల్లోనూ ఉత్తుత్తి సూదికీ పీఆర్‌పీకీ తేడా కనబడలేదు.

పల్లెల్లో మోచేతికీ మోకాలికీ మాటిమాటికీ స్టెరాయిడ్ సూది వేసే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వేసిన మర్నాటికి నొప్పి మాయమవుతుంది కాబట్టి వేసినవారికి మంచి పేరొస్తుంది. 2017లో అమెరికాలో 140 మంది మోకాళ్ళకు మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్ళు స్టెరాయిడ్ వేసి చూస్తే, సెలైన్ వారికంటే గుజ్జు ఎక్కువ అరిగింది, నొప్పిలో తేడా మాత్రం లేదు. పీఆర్‌పీ పనికి రాకపోయినా ఇంతటి కీడు మాత్రం దాని వల్ల కనబడలేదు. ఆ ఒక్క మెచ్చుకోలు దానికి దక్కాలి.

ఉదయగిరి వైపు మోకాళ్ళ విషయంలో ఇంకో మాట తప్పనిసరి. భూగర్భజలంలో ఫ్లోరైడ్ వల్ల కీళ్ళు పట్టేసే జబ్బును మన దేశంలో మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి రాశారు. తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోవి. దీన్ని ముందుగా పట్టుకున్నది వైద్యులు కాదు, రైతులు. ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని వాళ్ళు గమనించారు. మనుషుల్లో బయటపడింది ఆ తర్వాత. ఉదయగిరి మెట్టలోనూ బోరు నీళ్ళతో ఇదే బాధ చాలాకాలంగా ఉంది.

ఎముకల ఫ్లోరోసిస్‌లో గుజ్జు అరగడం అసలు సమస్య కాదు. ఎముక మరీ చిక్కనవుతుంది, కీళ్ళ చుట్టూ ఉన్న బంధకాల్లో సున్నం పేరుకుంటుంది, వెన్ను వంగదు. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉన్న పొర గట్టిపడి ఎక్స్‌రేలో గీతలా కనబడుతుంది. ఇలాంటివారి మోకాల్లోకి ఎన్ని ప్లేట్‌లెట్లు పోసినా ఆ సున్నం కరగదు. కావలసింది తాగే నీరు మార్చడం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళను ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. నీటి పరీక్షకయ్యే ఖర్చు సూది ఖర్చులో ఏ మూలకూ రాదు. అందుకే ఉదయగిరి వైపు నుంచి ఇద్దరు ముగ్గురు ఒకే ఇంట్లో కీళ్ళు పట్టేసి వస్తే, మోకాలి ఎక్స్‌రేకు ముందు ముంజేతి ఎక్స్‌రే అడగడమే సరైన పని అని నా గట్టి అభిప్రాయం. చికున్‌గున్యా వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్ళు నొప్పెట్టేవాళ్ళదీ, కీళ్ళవాతం ఉన్నవాళ్ళదీ వేరే దారి. వాళ్ళకూ ఈ సూది మందు కాదు.

ఇన్ని వడపోతల తర్వాత మిగిలేది అరుగుదల మొదటి, నడిమి దశలో ఉన్న మోకాలు. వ్యాయామంతో, బరువు తగ్గించుకోవడంతో మూడు నెలలు చూసినా లొంగని నొప్పి. అలాంటివాళ్ళు డబ్బుకు ఇబ్బంది లేకపోతే పీఆర్‌పీ వేయించుకోవడంలో తప్పు లేదు. వ్యాయామాన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. 2015 కోక్రేన్ సమీక్ష 44 పరీక్షలను కలిపి చూసి, వ్యాయామం మోకాలి నొప్పిని తగ్గిస్తుందని గట్టి ఆధారంతో చెప్పింది. శరీర బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మంచం మీద కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టే దాకా పైకెత్తి ఉంచడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, ఇలాంటి పనులకు నెల్లూరు బస్సెక్కక్కర్లేదు. సంగం ఆనకట్ట కింద కలుపు తీసేటప్పుడు గొంతుక్కూర్చోవడం మానడం కష్టమే, కాని ఇంట్లో నేల మీద కూర్చుని చేసే పనుల్లో సగమైనా పీట మీదికి మార్చుకోవచ్చు.

సూది ఖాయమనుకున్నవాళ్ళు ముందు వారం రోజులు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఆపాలి. అవి ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటాయి. గుండెకు వాడే ఆస్ప్రిన్ మాత్రం గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళు, ఒంట్లో ఎక్కడైనా చీము ఉన్నవాళ్ళు చెప్పి తీరాలి. వేసిన తర్వాత రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువవుతుంది, పారాసిటమాల్ సరిపోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించారు, అందులో ఎన్ని ప్లేట్‌లెట్లున్నాయి, తెల్లకణాలు ఉంచారా తీశారా అన్నది చీటీ మీద రాసివ్వమని అడగాలి. లెక్కపెట్టకుండా ఎక్కించేవారి దగ్గర వేయించుకోవద్దు. మొదటి సూదితో ఆరు నెలల్లో మార్పు లేకపోతే రెండోది, మూడోది కలిపి ప్యాకేజీగా తీసుకోమనే మాటకు ఒప్పుకోనక్కర్లేదు. చండీగఢ్ పరీక్షలో రెండోది ఒకటోదానికంటే మేలు చేయలేదని ఆ మాట చెప్పే డాక్టరుకూ తెలిసే ఉంటుంది.